నాలుగో షరతు

వర్రబీల్ ఊళ్లో నెవిల్ ట్రెగెంజా మనిషిని చూసే తీరే వేరు. ముందు కాళ్లు చూస్తాడు, తర్వాత నడుం, ఆ తర్వాత భుజాలు. ముఖం దాకా వచ్చేసరికి, కరచాలనానికి చాపిన అవతలివాడి చెయ్యి నొప్పెడుతూ ఉంటుంది. అతన్ని తప్పు పట్టడానికి లేదు. నలభై ఏళ్లు సంతలో గొర్రెలూ ఎడ్లూ అమ్మించిన ఏజెంటు మరి. పళ్లు చూపించమని అడగడం లేదు, అదే పదివేలు.

పగలు గొర్రెల బేరం, సాయంత్రం ఆటగాళ్ల బేరం. వర్రబీల్ ఫుట్‌బాల్ నెట్‌బాల్ క్లబ్‌కి ఏటా జట్టును కూర్చే పని నెవ్‌ది. ఊళ్లో ఉన్నదే మూడు వందల ముప్పై మంది. అందులో పరుగెత్తగల మగవాళ్లను, ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ జట్టుకి కావలసినట్టు పద్దెనిమిది మందిని, వెతికి పట్టుకోవాలంటే మాటలా? ఆ నేలలో గోధుమ బాగా పండుతుంది గానీ కుర్రాళ్లు నిలవరు. మీసం వచ్చీరాగానే బల్లారట్‌కో మెల్‌బోర్న్‌కో బస్సెక్కేస్తారు. పైగా క్లబ్ చొక్కా గలా పిట్ట రంగుల్లో, సగం గులాబీ, సగం బూడిద. బయటి ఊరివాడు ఆ చొక్కా తొడుక్కుని పదిమందిలో తిరగడానికి ఒప్పుకోవాలంటే వాడికి ఏదో ఒక ఆశ చూపించాలి.

దానికి తోడు ఆ లీగులో ఓ తిరకాసు రూలు. ప్రతి ఆటగాడికీ పాయింట్లు కడతారు. ఆ ఊళ్లో పుట్టి, అక్కడే ఆట నేర్చినవాడు ఒక పాయింటు మనిషి. పెద్ద లీగుల్లో ఆడి వచ్చిన మొనగాడు ఐదు పాయింట్ల మనిషి. శనివారం మైదానంలోకి దిగే జట్టు మొత్తం కలిపితే నలభై దాటకూడదు. డబ్బున్న క్లబ్ మొనగాళ్లందర్నీ కొనేసుకోకుండా పెట్టిన రూలది. వర్రబీల్‌కి ఆ భయం ఏ కాలంలోనూ లేదు.

డబ్బు లేని చోట నోరుండాలి. నెవ్‌కి ఆ నోరు ఉంది. అతని ఒప్పందాల్లో నెలకో అర గొర్రె ఉంటుంది, ట్రైలరు నిండా రెడ్‌గమ్ కట్టెలుంటాయి, ధాన్యం గోదాములో ఉద్యోగముంటుంది, కుర్రాడి ప్రియురాలికి నెట్‌బాల్ జట్టులో చోటుంటుంది. ఇవన్నీ గొర్రెల అమ్మకం రసీదు పుస్తకంలోంచి చింపిన పసుపు కాగితాల మీద, తన కోడిగీతల్లో రాస్తాడు. అడిగినవాడికి లేదనడు, అడగనివాణ్ణి ఊరికే వదలడు.

ఆ కాగితాల మీద సంతకాలు జరిగేది క్లబ్‌లో కాదు, నెవ్ ఇంటి వంటగదిలో. ఎందుకంటే అక్కడ అతని భార్య కోరల్ ఉంటుంది. కోరల్ మందుల షాపులో పనిచేస్తుంది. ముప్పై ఒక్క సీజన్లుగా క్లబ్ కాంటీన్ ఆమె చేతిమీదుగానే నడుస్తోంది. గురువారం ట్రెయినింగ్ అయ్యాక జట్టంతా కూర్చుని తినే భోజనమూ ఆమెదే. ఆమె చేతి గొర్రె రోస్టు, దాని మీద పుదీనా సాసు, ఆ తర్వాత వేడివేడి ఖర్జూరం పుడ్డింగు తిన్నవాడు గులాబీ చొక్కాయే కాదు, గౌనిచ్చినా తొడుక్కుంటాడు.

ఆ ఫిబ్రవరిలో నెవ్ వలలో పడ్డ చేప పేరు జారడ్ క్విల్టీ. మిల్డురా నుంచి వచ్చాడు. ఆరడుగుల ఎనిమిదంగుళాలు. బల్ల కింద మోకాళ్లు పట్టక పక్కకి తిరిగి, పెళ్లిచూపుల్లో పిల్లలా కూర్చున్నాడు. పెద్ద లీగులో ఆడినవాడు, ఐదు పాయింట్లవాడు.

"రాస్తున్నా చూడు," అన్నాడు నెవ్. "ఒకటి, నెలకి అర గొర్రె. రెండు, చలికాలానికి రెండు ట్రైలర్ల కట్టెలు. మూడు, నీ ప్రియురాలు టెగన్‌కి నెట్‌బాల్ ఎ గ్రేడ్ జట్టులో చోటు."

"టెగన్‌కి మోకాలు బాగోలేదండీ."

"అయితే స్కోరు రాస్తుంది. రాయడానికి మోకాలెందుకు? ఇక నాలుగు..." అని గొంతు తగ్గించాడు.

నాలుగో షరతు దగ్గర నెవ్ ఎప్పుడూ గొంతు తగ్గిస్తాడు. ఇన్నేళ్లూ అదెందుకో కోరల్ పట్టించుకోలేదు. ఆ రోజు మాత్రం ఆమె గ్రేవీ వడ్డిస్తుంటే ఓ చుక్క కాగితం మీద పడింది. తుడుద్దామని కాగితం తీసింది. కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

"నాలుగు. ప్రతి గురువారం వేడి భోజనం, పుడ్డింగుతో సహా. వంట: కోరల్," అని పైకి చదివింది. "ఈ కోరల్ ఎవరు?"

క్విల్టీ నవ్వాడు. నెవ్ కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"అదేంటి, నువ్వే కదా!"

"నన్నెవరడిగారు?"

"అడిగేదేముంది కోరల్? ఎలాగూ వండుతావు కదా."

ఈ 'ఎలాగూ' అనే మాట ఎన్ని కాపురాల్లో నిప్పు పెట్టిందో లెక్క తీస్తే ఏ లీగు సెక్రెటరీకీ తేలదు. కోరల్ అరవలేదు. క్విల్టీకి రెండోసారి పుడ్డింగు వేసింది. చేతులు తుడుచుకుంది. ఫ్రిజ్ మీదున్న నెవ్ ఫైలు దింపి బల్ల మీద పెట్టి తెరిచింది. క్విల్టీదీ కలిపితే ఆ ఏటి జట్టు కాగితాలు పంతొమ్మిది. పంతొమ్మిదింటిలోనూ నాలుగో షరతు అదే. కొన్నింటిలో ఐదోది కూడా ఉంది.

"ఐదు. పుట్టినరోజుకి రెండంతస్తుల కేకు. కోరల్," చదివింది. "ఐదు. ఊడిన గుండీలు కుట్టుట. కోరల్. ఐదు. ఆటగాడు గొర్రెల ఉన్ని కత్తిరింపు పనిమీద పొరుగూళ్లకి వెళ్లినప్పుడు అతని కుక్కను, పేరు సైమన్, సాకుట. కోరల్."

"సైమన్‌కి నువ్వంటే ప్రాణం," అన్నాడు నెవ్.

"సైమన్ దారితప్పిన కుక్కనుకున్నా నెవ్. మూడేళ్ల నించి దీనివాళ్లెవరో వచ్చి తీసుకెళ్లండి బాబూ అని పోస్టాఫీసు గోడకి కాగితాలు అంటిస్తున్నా."

"దాని యజమానీ చదివాడట. పాపం ఎవరి కుక్కో అని జాలిపడ్డాడు."

క్విల్టీ బల్ల మీద తలకాయ ఆనించి వణికిపోతున్నాడు, నవ్వు ఆపుకోలేక. ఆ నవ్వులోనే సంతకం పెట్టేసి, తన నకలు కాగితం జేబులో వేసుకుని బయటపడ్డాడు. కోరల్ ఆ రాత్రి ఇంకేం మాట్లాడలేదు. నెవ్ దాన్ని శాంతి అనుకున్నాడు. పెళ్లయి ముప్పై ఎనిమిదేళ్లయినా కొందరికి బుద్ధి రాదు.

రెండు వారాలు గడిచాయి. ఓ మంగళవారం నెవ్ గోదాము దగ్గర్నుంచి ఇంటికొస్తుంటే మలుపులో ఓ ఆకుపచ్చ బండి అతన్ని దాటి వాళ్లింటి వైపు తిరిగింది. ఆ బండి గ్లెనిస్ బాట్‌ది. గ్లెనిస్ డన్‌మోర్రా క్లబ్ ప్రెసిడెంటు. డన్‌మోర్రా ఇరవై రెండు కిలోమీటర్ల అవతల ఊరు. వర్రబీల్‌కీ దానికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఆ కరువు నేలలో పచ్చగడ్డి దొరకదు కాబట్టి ఇంకా రెండు ఊళ్లూ మిగిలున్నాయి.

సరిగ్గా ఆ రోజే నెవ్ పెరట్లో నీళ్ల మోటారు బాగుచేస్తున్నాడు బార్నీ ఓస్ట్లర్. బార్నీ అంటే ఎవరు? జట్టుకి గోల్స్ కొట్టేవాడు. ఊళ్లో పుట్టినవాడు, ఒక్క పాయింటువాడు, పోయిన ఏడు నలభై గోల్స్ కొట్టినవాడు, ఈ ఏడు ఒప్పందం మీద ఇంకా సంతకం పెట్టనివాడు. నాలుగూ ఒకే మనిషిలో కుదిరితే ఇంటి ముందు ఆకుపచ్చ బండి ఎందుకు ఆగదు?

నెవ్ వెనక దారిన పెరట్లోకి పోయాడు.

"బార్నీ! ఆ మోటారొదిలెయ్. తలొంచుకో. నా బండెక్కు."

"ఇంకో రెండు బోల్టులే ఉన్నాయి నెవ్."

"బోల్టులు తర్వాత. గ్లెనిస్ వచ్చింది."

"ఎవరి కోసం?"

"ఎవరి కోసమేంట్రా వెర్రివెధవా, నీ కోసమే!"

బార్నీని బండి వెనక పడుకోబెట్టి, మీద టార్పాలిన్ కప్పి, ఆ పైన సైమన్‌ని కూర్చోబెట్టి, నెవ్ తొమ్మిది కిలోమీటర్ల అవతలున్న చెరువు దగ్గరకి తీసుకుపోయాడు. ఇద్దరూ నాలుగు గంటలు గాలాలు వేసుకుని కూర్చున్నారు. ఒక్క చేపా పడలేదు. బార్నీ మాత్రం ఆ నాలుగు గంటల్లో నెవ్ దగ్గర ఇంకో అర గొర్రె, కొత్త ఐసుపెట్టె, వాళ్ల నాన్న ట్రాక్టరుకి రెండు టైర్లు పట్టాడు. సంతకం కూడా చెరువు గట్టునే అయింది. దొంగ వీధి గుమ్మంలోంచి దర్జాగా వచ్చి కూర్చుంటే, మనవాడు పెరట్లో కోడికి కాపలా కాశాడన్నమాట.

ఇంటికొచ్చేసరికి సింకులో రెండు టీ కప్పులున్నాయి.

"గ్లెనిస్ వచ్చింది," అంది కోరల్.

"తెలుసు. బార్నీని దాచేశా," అన్నాడు నెవ్ గర్వంగా. "పాపం, ఉత్తచేతుల్తో పోయుంటుంది."

"బార్నీ కోసం రాలేదు."

"మరి?"

"నా కోసం. సంతకం పెట్టేశా. ఒక సీజను."

నెవ్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ వెతుక్కున్నాడు. "నువ్వు మా మనిషివి!" అన్నాడు.

"ఏ కాగితం ప్రకారం? చూపించు."

ఫైల్లో పంతొమ్మిది మందికి కాగితాలున్నాయి, చెరువు గట్టున రాసింది కలిపితే ఇరవై. కోరల్‌కి లేదు.

"ప్రతి అక్టోబరులోనూ పేపరు ముందేసుకుని నాకు చదివి వినిపిస్తావే," అంది ఆమె, "పెద్ద లీగులో ఎనిమిదేళ్లు ఒకే క్లబ్‌కి ఆడితే వాడు ఫ్రీ ఏజెంటు, ఎవర్నీ అడక్కుండా నచ్చిన చోటికి పోవచ్చని? నావి ముప్పై ఒక్కటి. ఆ లెక్కన నేను ఈపాటికి మూడుసార్లు పోయి ఉండాలి, నాలుగోసారికి మూట సర్దుకుంటూ ఉండాలి."

"అసలు ఏమిస్తామంది? కొత్త ఓవెనా?"

"అది మా క్లబ్ విషయం," అంది కోరల్.

'మా క్లబ్' అన్న మాట నెవ్ గొంతులో చేపముల్లులా దిగింది. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటుంది. కోరల్ పుట్టింది డన్‌మోర్రాలోనే. వర్రబీల్ ఆమెకి అత్తారిల్లు. ఊరంతా అదే మాట చెప్పుకుని నవ్వింది, నెవ్ ట్రెగెంజా పెళ్లాం ఒక్క పాయింటు మనిషిగా పుట్టింటికి పోయిందని. పోవడమంటే సామాను సర్దుకుని కాదు. పడక ఇంట్లోనే, మాటలు మామూలే, మందుల షాపూ మామూలే. గురువారం సాయంత్రం, డన్‌మోర్రాలో ఆటలున్న శనివారం పొద్దున ఏప్రన్ మడిచి సంచీలో పెట్టుకుని కారెక్కేది. ముందు సీట్లో సైమన్ కూర్చునేది. ఆ కుక్క కూడా పార్టీ మార్చింది.

"వంటేముంది," అన్నాడు నెవ్ కమిటీలో. "గొర్రెను పుట్టినప్పట్నుంచీ ఎరుగుదును." ఆ మొదటి గురువారం రోస్టు పైన బొగ్గు, లోపల ఇంకా అరుస్తున్నట్టే ఉంది. బంగాళాదుంపలు కొరికితే శబ్దమొచ్చింది. పుడ్డింగు పేరుతో డబ్బాలోంచి పీచ్ పళ్లు తీసి పెట్టాడు. ఆటగాళ్లు మర్యాదస్తులు, మొదటివారం ఊరుకున్నారు. మూడోవారం క్విల్టీ లేచి నిలబడ్డాడు. వాడు నిలబడితే ట్యూబులైటుకి తల తగులుతుంది.

"నెవ్, నాలుగో షరతు తప్పింది," అన్నాడు, జేబులోంచి నకలు తీసి. "రూలు ప్రకారం నేనింక ఫ్రీ."

"నేనూ," అన్నాడు ఇంకొకడు, కుర్చీలోంచే.

"నాకు కేకు కూడా రాలేదు," అన్నాడు మూడోవాడు. "పోయిన సోమవారం నా పుట్టినరోజు. ఎవడికీ గుర్తు లేదు."

ఆ లీగులో జూన్ ముప్పై దాకా ఒక క్లబ్ నుంచి ఇంకో క్లబ్‌కి మారొచ్చు. క్విల్టీతో కలిపి ఆరుగురు డన్‌మోర్రాకి దరఖాస్తు పెట్టేశారు. నెవ్‌కి నిద్ర పట్టలేదు. ఆరుగురు పోతే జట్టు లేదు, జట్టు లేకపోతే క్లబ్ లేదు. గ్లెనిస్ బాట్ పుణ్యమా అని వాళ్లు దక్కారు. "నా నలభై పాయింట్లూ నిండాయబ్బాయిలూ," అందామె. "ఆడ్డానికి చోటు లేదు. తినడానికైతే రండి." దాంతో ఓ విచిత్రం మొదలైంది. గురువారం వర్రబీల్‌లో ట్రెయినింగ్ అవగానే జట్టంతా ఐదు కార్లెక్కి డన్‌మోర్రా వెళ్లి కోరల్ వంట తినేది. శనివారం ఎవరెవరు ఆడతారో చదివి వినిపించే ఆచారం గురువారం భోజనాల దగ్గరే కదా, నెవ్ ఖాళీ కుర్చీల ముందు నిలబడి పద్దెనిమిది పేర్లూ గట్టిగా చదివి, ఆ తర్వాత డన్‌మోర్రా క్లబ్‌కి ఫోన్ చేసి మళ్లీ చదివేవాడు. అవతల చప్పట్లు వినిపించేవి, అవి తన జట్టుకో పుడ్డింగుకో తేలేది కాదు.

చివరికి నెవ్ ఓ పని చేశాడు. ఆటగాణ్ణి వెనక్కి తెచ్చుకునే దరఖాస్తు ఫారం తీసి, పేరు దగ్గర కోరల్ జోన్ ట్రెగెంజా అనీ, ఆడే స్థానం దగ్గర 'పొయ్యి' అనీ, ఆడిన సీజన్ల దగ్గర ముప్పై ఒకటి అనీ రాసి, లీగు సెక్రెటరీకి పంపాడు. నాలుగోరోజున జవాబొచ్చింది. ఆ స్థానం తమ రూల్సులో లేదనీ, ఉన్నా ఆమె పుట్టుకతో డన్‌మోర్రా మనిషి కాబట్టి ఆపలేమనీ, అన్నిటికీ మించి ఏ రిజిస్ట్రేషనూ లేకుండా ఒకరిని ముప్పై ఒక్క సీజన్లు దించినట్టు మీరే రాసిచ్చారు గనక ఈ విషయం ఇంక తవ్వకపోతేనే వర్రబీల్‌కి మంచిదనీ దాని సారాంశం.

ఇంట్లో పొద్దున్నే టోస్టు దగ్గర బేరాలు సాగేవి.

"కోరల్, కొత్త ఓవెను. రెండు తలుపులది."

"వెన్న ఇలా ఇయ్యి."

"ఓవెనూ, నెలకో అర గొర్రె."

"ఫ్రిజ్ తెరిస్తే గొర్రెలు మీద పడుతున్నాయి నెవ్."

"సరే, బేరం వద్దు. ఒక్కటి చెప్పు. రోస్టు ఎంత వేడి మీద పెడతావు?"

"అవతలి జట్టుకి చెప్పకూడదు," అంది కోరల్, టోస్టు కొరుకుతూ. "సంతకం పెట్టినవాడు సీజను మధ్యలో పారిపోతే వాడు మనిషే కాదని నువ్వే అంటావుగా. ఆగస్టు ఆఖరు దాకా నేను గ్లెనిస్ మనిషిని."

ఇంక చేసేదేముంది, నెవ్ నేర్చుకున్నాడు. కాల్చాడు, మాడ్చాడు, వేళ్లు కాల్చుకున్నాడు. సంతలో గొర్రె బరువు కంటితో చెప్పగలిగినవాడు, దాని తొడ ఎంతసేపటికి ఉడుకుతుందో చెప్పలేకపోవడం అతనికి తలవంపులైంది. జులై రెండోవారానికి రోస్టు మెత్తబడింది. మూడోవారం ఒక కారే డన్‌మోర్రా వెళ్లింది. నాలుగోవారం క్విల్టీ ప్లేటు ఖాళీ చేసి, "ఇవాళ ఆకలికి తిన్లేదు నెవ్, బాగుండే తిన్నా," అన్నాడు. అరవై ఏడేళ్ల మనిషి ఆ మాటకి స్టోర్‌రూములోకి పోయి ముక్కు చీదుకున్నాడు.

సీజను ఆఖరి ఆట వర్రబీల్‌లోనే, డన్‌మోర్రాతోనే. లీగు పట్టికలో ఆఖరి రెండు మెట్లూ ఈ రెండు జట్లవే. ఓడినవాడు అట్టడుగు. మైదానం చుట్టూ కార్లు బారులు తీరాయి. నెవ్ పొద్దున ఎనిమిదింటికే కాంటీన్‌లో దూరాడు. ఇన్నాళ్లూ శనివారాలు ఎలాగోలా కుర్రాళ్ల తల్లులనీ అక్కలనీ బతిమాలి, ఆట మొదలవగానే మైదానం గట్టు మీదికి పారిపోయేవాడు. ఆ రోజు జనం రెండింతలు. బతిమాలడానికి ఎవరూ చిక్కలేదు.

కాంటీన్ కిటికీలోంచి చూస్తే కనిపించేవి మూడు. క్యూ, చెత్తడబ్బా, మైదానం అంచున ఒక గోలు కొయ్య పై సగం. ఆట మొదలైన సైరన్ వినిపించింది. కాసేపటికి పెద్ద కేక. కార్ల హారన్లన్నీ ఒక్కసారి మోగాయి. గోలు పడిందని తెలుస్తూనే ఉంది.

"ఎవరిది? ఎవరు కొట్టారు?" అని నెవ్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"రెండు మాంసం పైలు, ఒక చిప్సు," అంది ముందున్నావిడ. "చిప్సుకి ఉప్పెక్కువ వెయ్యి."

మళ్లీ కేక, మళ్లీ హారన్లు. ఈసారి ఎవరూ జవాబు చెప్పలేదు. కేక పడినప్పుడల్లా క్యూలోవాళ్లంతా మైదానం వైపు పరుగెత్తి, చూసొచ్చి, నవ్వుకుంటూ మళ్లీ క్యూలో నిలబడి సాసు అడిగారు. చిప్సు నూనెలో ఉన్నాయి, వదిలి వెళ్తే మాడిపోతాయి. నెవ్ కాలు గాలిన పిల్లిలా ఆ నాలుగు గోడల మధ్య తిరిగాడు.

ఆటలో ఉన్న నాలుగు క్వార్టర్లలో మూడోది అయ్యాక కోరల్ వచ్చింది, మెడలో డన్‌మోర్రా ఆకుపచ్చ స్కార్ఫుతో.

"ఒక పై. సాసుతో."

"స్కోరెంత కోరల్?"

"ఐదు గోల్స్ వెనకున్నారు."

"ఎవరం?"

"మీరు."

నెవ్ ఆ మాంసం పైని కాగితంలో చుడుతూ చుడుతూ ఆగిపోయాడు. ఆ కిటికీని, ఆ గోలు కొయ్యను, ఆమెను చూశాడు. "ఇక్కణ్ణించి ఏం కనపడదు," అన్నాడు.

"కనపడదు."

"మన అబ్బాయి రాస్ ఫైనల్లో ఆ గోలు కొట్టిన రోజు..."

"ఆ రోజు ఇక్కడే ఉన్నా. చిప్సు వడగడుతున్నా. నువ్వు పరుగెత్తుకొచ్చి చెప్పావు, వాడు ఎలా తిరిగాడో, ఎలా తన్నాడో. ఎంత బాగా చెప్పావో. చూసింది నువ్వు నెవ్, నేను విన్నా."

"పొరుగూరి ఆటలకి రావచ్చుగా."

"ఆ శనివారాలు షాపులో డ్యూటీ. ఇక్కడ కాంటీన్ ఉన్న శనివారాలు సెలవు పెడతాగా, వాటికి బదులు." ఆమె పై పొట్లం అందుకుంది. "గ్లెనిస్ ఏమిచ్చిందని అడుగుతున్నావుగా ఆర్నెల్ల నించి. వాళ్ల కాంటీన్‌లో ఆరుగురు వంతులేసుకుంటారు. సగం ఆటకి నా పని అయిపోతుంది. మిగతా సగం చూడ్డానికి గట్టు మీద ఓ కుర్చీ ఇచ్చింది. అంతే ఇచ్చింది."

నెవ్‌కి సిగ్గేసింది. మనుషుల కోసం గొర్రెలు పంచాడు, కట్టెలు మోయించాడు, టైర్లు కొనిచ్చాడు. ఇంట్లో మనిషికి కావలసింది ఓ కుర్చీ. కనుక్కోవడానికి ఒక్క ప్రశ్న చాలు, ఆ ప్రశ్న ప్రతి ఫిబ్రవరిలోనూ ఎవడో మోకాళ్లు బల్ల కింద పట్టనివాణ్ణి అడిగాడు, ఆమెను అడగలేదు.

ఆఖరి సైరన్ మోగింది. ఆకుపచ్చ స్కార్ఫులు మైదానంలోకి పరుగెత్తాయి కాబట్టి ఎవరు గెలిచారో నెవ్‌కి అర్థమైంది. పొయ్యి కట్టేశాడు. గిన్నెలు సింకులోనే వదిలేసి, ఏప్రన్‌తోనే, ఆ ఏటి ఆటగాళ్ల పేర్లున్న పుస్తకం చంకలో పెట్టుకుని గట్టు మీదికి నడిచాడు. కోరల్ కుర్చీలోనే ఉంది. పక్కన సైమన్ మిగిలిన పై తింటోంది.

"సైరన్ మోగింది," అన్నాడు నెవ్. "నువ్విప్పుడు ఎవరి మనిషివీ కాదు."

"కాదు."

"అందుకే వచ్చా. నీకేం కావాలి కోరల్?"

ఆమె మెడలోని స్కార్ఫు తీసి పక్కన గడ్డి మీద పెట్టింది. చెయ్యి చాపింది.

"ఆ పుస్తకం ఇలా ఇయ్యి."

"ఇదా? ఇది జట్టు పుస్తకం."

"తెలుసు. వచ్చే ఏడు ఇక్కడికే వస్తా. కానీ పొయ్యి దగ్గరికి కాదు. వంతులేసుకోండి, అందులో నీదీ ఒకటి, రోస్టు బాగానే చేస్తున్నావట, క్విల్టీ చెప్పాడు. నేను జట్టు కూరుస్తా. ఈ ఏడాది సగం సగం ఆటలు, ఇవాళ మీ ఆట మొత్తం చూసేసరికి నాకు తెలిసిపోయింది నెవ్, నువ్వు కాళ్లే చూస్తావు. ఆ వింగులో ఆడే పొట్టోడున్నాడే, వాడు బంతి రాకముందే నాలుగు పక్కలా చూసుకుంటాడు. వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టావు. క్విల్టీ మూడో క్వార్టరు తర్వాత పరుగెత్తడు, షికారు చేస్తాడు. ఇంతమంది తిండిపోతులకా నేను ముప్పై ఏళ్లు వండిపెట్టింది!"

నెవ్ పుస్తకం ఇచ్చేశాడు. బేరం ఆడలేదు. ఆమె కళ్లజోడు సర్దుకుని, మొదటి పేజీ తీసి, పెన్సిల్‌తో ఓ పేరు మీద అడ్డంగా గీత గీసింది.

"బార్నీనా!" అన్నాడు నెవ్, గుండె మీద చెయ్యేసుకుని. "వాణ్ణి తీసేస్తే గోల్స్ ఎవడు కొడతాడు?"

"ఇవాళ వాడెన్ని కొట్టాడు?"

నెవ్ మైదానం వైపు చూశాడు. ఆటగాళ్లు లోపలికి వెళ్లిపోయారు. స్కోరుబోర్డు మీద అంకెలు కూడా దించేస్తున్నారు.

"తెలీదు," అన్నాడు మెల్లగా. "నేను చూళ్లేదు."

కోరల్ అతని ముఖంలోకి చూసింది. పక్కన గడ్డి మీద ఉన్న స్కార్ఫు తీసి చోటు చూపించింది.

"కూర్చో, చెప్తా," అంది. మొదటి క్వార్టరు నుంచి మొదలుపెట్టింది.